కెనడా పీఆర్ (శాశ్వత నివాస హక్కు) వచ్చాక కామన్ లా పార్ట్‌నర్‌ని (పెళ్లి కాకుండా కలిసి కాపురం ఉంటున్నవాళ్లని) స్పాన్సర్ చేయడం: రూమ్మేట్స్‌గా ఒకే ఇంట్లో ఉన్న టైమ్ కూడా లెక్కలోకి వస్తుందా?

కాకినాడ_టు_కెనడా

అందరికీ నమస్తే. ఇన్నాళ్లూ ఇక్కడ చదవడమే కానీ ఎప్పుడూ రాయలేదు, కొంచెం పెద్ద పోస్టే, ఓపిగ్గా చదవండి ప్లీజ్.

నేను 2021లో స్టూడెంట్‌గా ఒంటారియో వచ్చాను, చదువయ్యాక పీజీడబ్ల్యూపీ (చదువు తర్వాత ఇచ్చే వర్క్ పర్మిట్) మీద జాబ్ చేస్తూ ఎక్స్‌ప్రెస్ ఎంట్రీలో (పాయింట్ల మీద పీఆర్ ఇచ్చే పద్ధతి) పెట్టాను, 2024 అక్టోబర్‌లో పీఆర్ కన్ఫర్మ్ అయ్యి ఈసీఓపీఆర్ (పీఆర్ వచ్చినట్టు ఆన్‌లైన్ కాగితం) వచ్చింది. అప్లికేషన్‌లో సింగిల్ అనే పెట్టాను, అప్పటికి సింగిలే. నా పార్ట్‌నర్‌ది కరీంనగర్ సైడ్, తన పీజీడబ్ల్యూపీ 2026 ఫిబ్రవరిలో అయిపోతుంది. సీఆర్ఎస్ (ఎక్స్‌ప్రెస్ ఎంట్రీ పాయింట్ల) స్కోరుతో తనకి ఇన్విటేషన్ వచ్చేలా లేదు కాబట్టి నేనే స్పాన్సర్ చేద్దామనుకుంటున్నాం.

అసలు గొడవ ఇక్కడుంది. 2023 జనవరిలో తను బ్రాంప్టన్‌లో మేముండే ఇంటికి రూమ్మేట్‌గా వచ్చాడు, మొత్తం ఐదుగురం, నేనూ ఇంకో అమ్మాయీ పై రూమ్‌లో, తను వేరే ఇద్దరబ్బాయిలతో బేస్‌మెంట్‌లో. అప్పుడు మా మధ్య ఏమీ లేదు, పలకరింపులంతే. 2023 నవంబర్ నుంచి మేమిద్దరం ఒకరికొకరం అనుకున్నాం. 2024 ఫిబ్రవరి 1న మిసిసాగాలో ఒక వన్ బెడ్‌రూమ్ తీసుకుని అందులోకి మారాం, ఇప్పటికీ అక్కడే ఉంటున్నాం. అంటే కలిసి కాపురం ఉన్నట్టు ఏడాదిన్నర దాటింది, కామన్ లా కి కావాల్సిన 12 నెలలు 2025 ఫిబ్రవరికే నిండాయి. కానీ పేపర్ల మీద చూస్తే మా ఇద్దరి అడ్రస్ 2023 జనవరి నుంచీ ఒకటే కనిపిస్తుంది. వాళ్లు అక్కడి నుంచి లెక్కేస్తే నేను పీఆర్ తీసుకునేనాటికే కామన్ లా లో ఉండి దాచినట్టు అవుతుందా? ఈ భయంతో నిద్ర పట్టట్లేదు.

ఇంకోటి, కామన్ లా మీద పెట్టాలా లేక సిటీ హాల్లో పెళ్లి చేసేసుకుని స్పౌజ్‌గా పెట్టాలా? ఇంట్లో మా అమ్మానాన్నలకి ఇంకా తెలీదు (కులం వేరు), వాళ్ల అమ్మకి మాత్రం తెలుసు. 2024 ట్యాక్స్ ఇద్దరం సింగిల్ అనే వేశాం. అది కూడా చూసి చెప్పండి.

వరంగల్_పిల్లోడు

చెల్లె, నువ్వు భయపడేది ఉత్తగ కాదు, గా రూల్ నిజంగనే ఉన్నది. ఇమిగ్రేషన్ రెగ్యులేషన్స్‌ల 117(9)(డి) అంటరు. పీఆర్ కి అప్లై చేసినప్పటి నుంచి ల్యాండ్ అయ్యే (పీఆర్ చేతికొచ్చే) దాక నీకు భార్య గాని భర్త గాని కామన్ లా పార్ట్‌నర్ గాని ఉండి, వాళ్లని చూపియ్యకపోతె, వాళ్లకి మెడికల్ గిట్ల ఏం కాకపోతె, తర్వాత వాళ్లని ఫ్యామిలీ క్లాస్‌ల స్పాన్సర్ చేసుడు కుదరదు. మనోళ్లల్ల చానమంది గిక్కడనే చిక్కుతరు. ఐటీఏ (పీఆర్ కి అప్లై చేయమనే ఇన్విటేషన్) వచ్చినంక ఇండియాకి పోయి పెళ్లి చేసుకొని, ఫైల్ మళ్ల లేట్ అయితదని చెప్పకుండ సింగిల్ గనే ల్యాండ్ అయితరు, గప్పుడు పిల్లని తెచ్చుకునుడు పెద్ద కష్టమైతది. 2019 సెప్టెంబర్‌ల ఒక పబ్లిక్ పాలసీ తెచ్చిన్రు గసొంటోళ్ల కోసం, తర్వాత పొడిగించిన్రు గూడ, కాని అందరికి వర్తించదు, దాని మీద ఆశ పెట్టుకొని ఉండుడు మంచిది కాదు.

ఇంకో ముచ్చట, సిటీ హాల్‌ల పెళ్లి చేసుకుంటె ఈ సమస్య పోతది అనుకోకు. ల్యాండ్ అయ్యేనాటికి ఆయన నీ కామన్ లా అని ఆఫీసర్ అనుకుంటె, తర్వాత వంద పెళ్లిళ్లు చేసుకున్నా ఆయన గప్పటి మనిషే. అందుకని ముందుగాల తారీఖులు తేల్చుకో, పెళ్లా కామన్ లా నా అన్నది తర్వాత.

కాల్గరీ_అక్క

వరంగల్ తమ్ముడు చెప్పిన రూల్ కరెక్టే కానీ నీ కేసులో నాకు అంత ప్రమాదం కనిపించట్లేదు అమ్మా, నిదానంగా లెక్కేద్దాం.

కామన్ లా అంటే ఒకే కప్పు కింద ఏడాది ఉండటం కాదు. భార్యాభర్తల్లాగా బంధంలో ఉంటూ, అలాగే కలిసి, మధ్యలో తెగకుండా 12 నెలలు ఉండాలి. ఒకే ఇంట్లో ఐదుగురు అద్దెకుంటే ఐదుగురూ కామన్ లా అయిపోరు కదా. 2023 జనవరి నుంచి నవంబర్ వరకు మీరు రూమ్మేట్స్, వేరే గదులు, ఎవరి అద్దె వాళ్లది. అది లెక్కలోకి రాదు. అసలు లెక్క మొదలయ్యేది 2024 ఫిబ్రవరి 1న, 12 నెలలు నిండింది 2025 ఫిబ్రవరి 1కి. నీ పీఆర్ 2024 అక్టోబర్. ఆ రోజుకి మీరు కలిసి ఉంటూ ఎనిమిది నెలలు చిల్లర, అంటే కామన్ లా కాదు, సింగిల్ అని రాసింది నిజమే.

ఇంకా కఠినంగా చూసే ఆఫీసర్ పడ్డాడనుకో, ప్రేమ మొదలైంది 2023 నవంబర్ కాబట్టి ఒకే ఇంట్లో ఉన్నారు కాబట్టి అక్కడి నుంచి లెక్కేస్తాను అన్నా కూడా ఏడాది నిండేది 2024 నవంబర్. నీ ల్యాండింగ్ అంతకు ముందే అయిపోయింది. చాలా దగ్గరగా ఉంది, నిజమే, కానీ ముందే ఉంది. కాబట్టి ఏ లెక్కలో చూసినా నువ్వు దాచింది ఏమీ లేదు.

అయితే ఇది ఆఫీసర్ తనంతట తాను కనిపెట్టుకుంటాడని వదిలెయ్యకూడదు. ఐఎంఎమ్ 5669 ఫారంలో పదేళ్ల అడ్రస్ హిస్టరీ నెల కూడా గ్యాప్ లేకుండా ఇవ్వాలి, తను ఇచ్చే అడ్రస్‌లూ నువ్వు ఎక్స్‌ప్రెస్ ఎంట్రీలో ఇచ్చిన అడ్రస్‌లూ పక్కపక్కన పెట్టి చూస్తే బ్రాంప్టన్ ఇల్లు వెంటనే కనపడుతుంది. అందుకని ఒక లెటర్ రాయండి, ఒక పేజీ చాలు, బ్రాంప్టన్ ఇంట్లో ఎంతమంది ఉండేవాళ్లు, ఎవరు ఏ గదిలో, అద్దె ఎవరెవరు ఎవరికి పంపేవాళ్లు, ఎప్పుడు మొదలైంది, ఎప్పుడు మారారు. అప్పటి అద్దె ఈ-ట్రాన్స్‌ఫర్లు వేర్వేరుగా మీ ఇద్దరి అకౌంట్ల నుంచి వెళ్లి ఉంటాయి, అవి బ్యాంక్ నుంచి తీసి పెట్టండి. ఆ ఇంటి మిగతా రూమ్మేట్స్‌లో ఒకరిద్దరు ఇదే సంగతి సంతకం పెట్టి రాసిస్తే ఇంకా మంచిది, నీ గదిలో ఉన్న అమ్మాయి రాసిస్తే దానికి చాలా బలం ఉంటుంది.

ట్యాక్స్ సంగతి. 2024 డిసెంబర్ 31కి మీకు 12 నెలలు నిండలేదు, సీఆర్ఏ (కెనడా ట్యాక్స్ ఆఫీసు) కి కూడా కామన్ లా అంటే 12 నెలలు తెగకుండా కలిసి ఉండటమే (పిల్లలుంటే వేరే). కాబట్టి 2024 కి సింగిల్ అని వేయడం సరైనదే, పైగా అది నీ వాదనకే సాక్ష్యం. కానీ 2025 ఫిబ్రవరిలో స్టేటస్ మారింది కదా, అది మారిన నెల తర్వాతి నెలాఖరులోపు సీఆర్ఏ కి చెప్పాలి, ఆర్‌సీ65 ఫారం ఉంటుంది లేదా మై అకౌంట్ లో మార్చుకోవచ్చు. చెప్పకపోయి ఉంటే ఇవాళే చెప్పండి. జీఎస్టీ క్రెడిట్ ఇద్దరి ఆదాయం కలిపి లెక్కేస్తారు, ఎక్కువ వచ్చి ఉంటే వెనక్కి కట్టాల్సి రావచ్చు, ఆ కొంచెం డబ్బు కోసం చూసుకోకండి. ఇమిగ్రేషన్ కి కామన్ లా అని, సీఆర్ఏ కి సింగిల్ అని ఉండటం కంటే చెడ్డది ఇంకోటి లేదు.

కాకినాడ_టు_కెనడా

అక్కా మీరు లెక్క వేసి చూపించాక ఊపిరి పీల్చుకున్నాను, థాంక్యూ సో మచ్. వరంగల్ అన్నా మీకు కూడా, ఆ రూల్ నంబర్ తో సహా చెప్పారు.

ఇంకో మూడు డౌట్లు. మిసిసాగా లీజ్ తన పేరు మీదే ఉంది, ఓనర్ ఒక్కరి పేరే రాస్తానన్నాడు అప్పట్లో. ఇంటర్నెట్ నా పేరు మీద, హైడ్రో (కరెంటు) తన పేరు మీద, అద్దెలో సగం నేను ప్రతి నెలా తనకి ఈ-ట్రాన్స్‌ఫర్ చేస్తాను. జాయింట్ అకౌంట్ ఈ మధ్యే ఓపెన్ చేశాం. ఇవి సరిపోతాయా?

రెండోది, ఇక్కడ ఇమిగ్రేషన్ పనులు చేసిపెడతానని చెప్పే ఒకాయన దగ్గరికి తను వెళ్తే, మిసిసాగా కి మారింది 2024 నవంబర్ అని రాద్దాం, ఓనర్ తో అప్పటి డేట్ వేసి కొత్త లీజ్ రాయించుకోండి, అప్పుడు ల్యాండింగ్ గొడవే ఉండదు అన్నాడంట. నాకు మనసొప్పట్లేదు, కానీ తను టెన్షన్ లో ఉన్నాడు.

మూడోది ఫారంలో ఇంట్లోవాళ్లకి తెలుసా అని అడుగుతారంట కదా. మా ఇంట్లో తెలీదు అని రాస్తే ఫేక్ అనుకుంటారా?

కాల్గరీ_అక్క

ఆయన దగ్గరికి ఇంకోసారి వెళ్లొద్దని చెప్పు ముందు. నిజం మీ వైపు ఉన్నప్పుడు అబద్ధం ఎందుకమ్మా అసలు. బ్యాంక్ స్టేట్‌మెంట్, డ్రైవింగ్ లైసెన్స్, టీ4 స్లిప్ (ఏడాది జీతం కాగితం), ఇంటర్నెట్ బిల్లు అన్నిట్లో మిసిసాగా అడ్రస్ 2024 ఫిబ్రవరి నుంచే ఉంటుంది. ఒక్క లీజ్ మీద మాత్రం నవంబర్ ఉంటే అది చూసినవాడికి ఏమనిపిస్తుంది? తప్పుడు సమాచారం ఇచ్చారని తేలితే సెక్షన్ 40 కింద తనకి ఐదేళ్లు కెనడా బ్యాన్, ఆ ఐదేళ్లలో పీఆర్ కి అప్లై కూడా చేయలేడు, నీ పీఆర్ మీదకి కూడా రావచ్చు. డబ్బు తీసుకుని సలహా ఇచ్చేవాళ్లు లాయరో, ఒంటారియో పారాలీగలో, కాలేజ్ ఆఫ్ ఇమిగ్రేషన్ అండ్ సిటిజన్‌షిప్ కన్సల్టెంట్స్ లో లైసెన్స్ ఉన్న ఆర్‌సీఐసీ (ఇమిగ్రేషన్ కన్సల్టెంట్) నో అయ్యుండాలి. ఆ కాలేజ్ వెబ్‌సైట్ లో పేరు కొడితే లైసెన్స్ ఉందో లేదో తెలిసిపోతుంది, ఎవరి దగ్గరికి వెళ్లినా ముందు ఆ పని చేయండి.

లీజ్ లో నీ పేరు లేకపోయినా ఫర్వాలేదు. ఫలానా తేదీ నుంచి ఇద్దరూ ఇక్కడే ఉంటున్నారు అని ఓనర్ తో లెటర్ తీసుకో, నెలనెలా నువ్వు పంపిన సగం అద్దె మొదటి నెల నుంచీ వరసగా చూపించు, నాకు తెలిసి ఇదే అన్నిటికంటే గట్టి సాక్ష్యం, ఎందుకంటే ఇమిగ్రేషన్ కోసం ముందే ప్లాన్ చేసి ఏడాదిన్నర పాటు ఎవరూ ఇలా పంపుకోరు. టెనెంట్ ఇన్సూరెన్స్, కారు ఇన్సూరెన్స్ లో రెండో డ్రైవర్ గా పేరు, ఆఫీస్ బెనిఫిట్స్ లో పార్ట్‌నర్ గా పేరు ఇవన్నీ ఏవి ఉంటే అవి. ఐఎంఎమ్ 5409 అని కామన్ లా డిక్లరేషన్ ఉంటుంది, అది నోటరీ లేదా కమిషనర్ ఆఫ్ ఓత్స్ ముందు ఇద్దరూ సంతకం పెట్టాలి. ఫోటోలు 20 దాటకూడదు, చాట్లూ కాల్ లాగులూ 10 పేజీలకి మించి పెట్టకూడదు, మనవాళ్లు వందల పేజీల వాట్సాప్ ప్రింట్లు పెడతారు, ఎవరూ చదవరు. తెలుగులో ఉన్న చాట్ పెడితే దానికి ఇంగ్లీష్ ట్రాన్స్‌లేషన్ కూడా ఉండాలి, అది మీరో మీ బంధువులో చేస్తే ఒప్పుకోరు.

ఇంట్లో తెలీదు అన్నదానికి, ఉన్నది ఉన్నట్టు రాయి. ఐఎంఎమ్ 5532 (మీ బంధం గురించి అడిగే ఫారం) లో కారణం రాసే చోటు ఉంటుంది. కులం వేరు, చెప్పడానికి టైమ్ కావాలి, వాళ్ల అమ్మగారికి తెలుసు, ఇక్కడ స్నేహితులందరికీ తెలుసు అని రాయి. ఇండియా ఫైళ్లు చూసే ఆఫీసర్లకి కులం పట్టింపు అంటే ఏంటో తెలుసు, కొత్తేం కాదు. వాళ్ల అమ్మగారు తెలుగులో అయినా ఒక లెటర్ రాసిస్తే ట్రాన్స్‌లేట్ చేయించి పెట్టండి, ఇద్దరూ కలిసి ఆవిడతో వీడియో కాల్ లో ఉన్న స్క్రీన్‌షాట్ ఒకటి. ఇంక ఇది ఫారం సంగతి కాదు కానీ అక్కగా ఒక మాట, మీ అమ్మానాన్నలకి వేరేవాళ్ల నోటి నుంచి తెలియకముందే నువ్వే చెప్పు. మనూళ్లో ఎవరో ఒకరి చుట్టం మిసిసాగాలో ఉండనే ఉంటాడు.

హామిల్టన్_హరిత

నేను పెళ్లి రూట్ లో పెట్టాను కాబట్టి దాని గురించి చెప్తాను. మేం సిటీ హాల్లో చేసుకున్నాం, ఒంటారియో మ్యారేజ్ లైసెన్స్ తీసుకున్నాక 90 రోజుల్లో చేసుకోవాలి, ఇద్దరు సాక్షులు చాలు. ఆ రోజు చేతికిచ్చే కాగితం లీగల్ ప్రూఫ్ కాదు, పెళ్లి రిజిస్టర్ అయ్యాక సర్వీస్ ఒంటారియో లో మ్యారేజ్ సర్టిఫికెట్ ఆర్డర్ చేసుకోవాలి, అది రావడానికి వారాలు పడుతుంది, పర్మిట్ టైమ్ దగ్గర పడ్డవాళ్లు ఇది లెక్కేసుకోవాలి. తర్వాత ఇండియా వెళ్లి జీలకర్ర బెల్లం, తలంబ్రాలు అన్నీ పద్ధతిగా చేసుకున్నాం, కానీ మళ్లీ అక్కడ సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో రిజిస్ట్రేషన్ చేయించలేదు, ఎందుకంటే రెండు తేదీలతో రెండు సర్టిఫికెట్లు అయితే ప్రతి ఫారంలోనూ గందరగోళం. లీగల్ పెళ్లి తేదీ ఒంటారియోదే అన్ని చోట్లా.

నా ఉద్దేశంలో మీకు 12 నెలల ప్రూఫ్ ఉంది కాబట్టి ఇమిగ్రేషన్ కోసం పెళ్లి తొందరపడక్కర్లేదు. మీ అమ్మానాన్నలు ఒప్పుకుని వచ్చే ఏడాది ఘనంగా చేస్తామంటే వాళ్లకి ఆ సంతోషం మిగలనివ్వండి. ప్రాసెసింగ్ మధ్యలో పెళ్లయితే వెబ్‌ఫారం లో సర్టిఫికెట్ పెట్టి చెప్తే సరిపోతుంది, ఫైల్ ఆగదు.

ఇంకొకటి ఎవరూ చెప్పలేదు. సంతకం పెట్టే ముందు అండర్‌టేకింగ్ చదువు. తనకి పీఆర్ వచ్చిన రోజు నుంచి 3 ఏళ్లు తన ఖర్చుల బాధ్యత నీది, మధ్యలో విడిపోయినా, ఉద్యోగం పోయినా అది పోదు. ఈ కేటగిరీలో నీకు ఇంత ఆదాయం ఉండాలని రూల్ లేదు, కానీ సోషల్ అసిస్టెన్స్ (ఒంటారియో వర్క్స్ లాంటిది) తీసుకుంటూ ఉంటే స్పాన్సర్ చేయలేవు, డిసెబిలిటీ కోసం అయితే మినహాయింపు. ఈఐ (ఉద్యోగం పోతే వచ్చే ఇన్సూరెన్స్ డబ్బు) తీసుకుంటే సమస్య లేదు.

వరంగల్_పిల్లోడు

అక్క లెక్క చూసినంక నాకు గూడ సాఫ్ అయింది, మంచిగ చెప్పిన్రు. ఇగ వర్క్ పర్మిట్ ముచ్చట నేను చెప్త, ఫిబ్రవరి ఎంతో దూరం లేదు.

ముందు ఇన్‌ల్యాండా (కెనడాల ఉన్నోళ్లు పెట్టుకునే రూట్) అవుట్‌ల్యాండా (బయట ఉన్నోళ్ల కోసం పెట్టిన ఫ్యామిలీ క్లాస్ రూట్) తేల్చుకోండ్రి. మీరిద్దరు ఇక్కడనే ఉన్నా గూడ అవుట్‌ల్యాండ్ పెట్టుకోవచ్చు, చానమందికి తెల్వదు. ఇదివరకు ఓపెన్ వర్క్ పర్మిట్ (ఏ కంపెనీల అయిన పని చేసుకునే పర్మిట్) కావాలంటె ఇన్‌ల్యాండే పెట్టాలనేటోళ్లు, 2023 మే 26 నుంచి కెనడాల కలిసి ఉంటున్న అవుట్‌ల్యాండ్ వాళ్లకి గూడ ఇస్తున్నరు. ఇన్‌ల్యాండ్ రిజెక్ట్ అయితె ఇమిగ్రేషన్ అప్పీల్ డివిజన్‌కి పోనీకి లేదు, అవుట్‌ల్యాండ్ అయితె 30 రోజులల్ల అప్పీల్ చేసుకోవచ్చు. ఆయన మధ్యల ఇండియాకి పోవాల్సి వస్తె గూడ అవుట్‌ల్యాండే నయం, ఇన్‌ల్యాండ్ పెట్టి బయటికి పోయి మళ్ల లోపలికి రానియ్యకపోతె ఫైల్ గల్లంతే. నేనైతె అవుట్‌ల్యాండే అంట.

ఇద్దరి సంతకాలు, ఫారాలు అన్ని పీఆర్ పోర్టల్‌ల ఒక్కసారే పెట్టాలె. ఒక్క కాగితం తక్కువున్నా మొత్తం వాపస్ పంపుతరు, గప్పుడు లైన్‌ల మళ్ల మొదటికే. ఏఓఆర్ (ఫైల్ అందిందన్న లెటర్) వచ్చినంక ఓపెన్ వర్క్ పర్మిట్‌కి అప్లై చేసుకోవాలె, 255 డాలర్లు. పీజీడబ్ల్యూపీ అయిపోకముందు అప్లై చేస్తె, నిర్ణయం వచ్చేదాక ఆయన పని చేసుకుంటనే ఉండొచ్చు. ఒకవేళ ఫిబ్రవరి దాక ఏఓఆర్ రాలేదనుకో, ఊకె కూసోవద్దు, విజిటర్ రికార్డ్‌కి (విజిటర్‌గ ఉండనిచ్చే కాగితం) అప్లై చేసి స్టేటస్ కాపాడుకోవాలె, కాని గప్పుడు పని బంద్ చెయ్యాలె. ఇంకోటి చూస్కోండ్రి, ఆయన పీజీడబ్ల్యూపీ పాస్‌పోర్ట్ ఎక్స్‌పైరీ వల్ల తక్కువ రోజులకి ఇచ్చిండ్రా? అట్లయితె కొత్త పాస్‌పోర్ట్‌తోని మిగిలిన టైమ్‌కి పొడిగించుకోవచ్చు.

కాకినాడ_టు_కెనడా

అన్నా!! తన పాస్‌పోర్ట్ 2026 ఫిబ్రవరిలోనే ఎక్స్‌పైర్ అవుతుంది, పీజీడబ్ల్యూపీ డేట్ కూడా అదే. తను చేసింది రెండేళ్ల కోర్సు, పర్మిట్ మాత్రం మూడేళ్లు రాలేదు, ఎందుకో మాకు ఎప్పుడూ అర్థం కాలేదు. అంటే ఇంకా టైమ్ మిగిలి ఉండొచ్చా?

వరంగల్_పిల్లోడు

గదే, పాస్‌పోర్ట్ డేట్, పర్మిట్ డేట్ ఒకటే అంటె చాన వరకు గదే కారణం. పర్మిట్‌తోని వచ్చిన లెటర్ గూడ చూడండ్రి. పాస్‌పోర్ట్ రెన్యువల్‌కి ఇయ్యాల్నే బీఎల్ఎస్‌ల (ఇండియా పాస్‌పోర్ట్ అప్లికేషన్లు తీసుకునే సెంటర్) పెట్టండ్రి, అదే తోవల ఇండియా పీసీసీ (పోలీస్ క్లియరెన్స్) గూడ అప్లై చేస్తె ఒక పని అయిపోతది, స్పాన్సర్‌షిప్‌కి అది ఎట్లైన కావాలె. కొత్త పాస్‌పోర్ట్ రాంగనె పొడిగింపుకి పేపర్ మీద అప్లై చేయాల్నా ఆన్‌లైన్ ఉన్నదా అన్నది ఐఆర్‌సీసీ (కెనడా ఇమిగ్రేషన్ డిపార్ట్‌మెంట్) పేజీల చూసి చెయ్యండ్రి, పాతది అయిపోకముందే పెట్టాలె గది మాత్రం మర్వకు.

కాల్గరీ_అక్క

శుభవార్తే అయితే. కానీ పర్మిట్ పొడిగింపు దొరుకుతుంది కదా అని స్పాన్సర్‌షిప్ ఫైల్ వెనక్కి నెట్టకండి, రెండూ పక్కపక్కన నడిపించండి. ఫీజులు 2024 ఏప్రిల్ 30న పెంచినప్పుడు మొత్తం 1,205 డాలర్లు (స్పాన్సర్‌షిప్ 85, ప్రాసెసింగ్ 545, రైట్ ఆఫ్ పర్మనెంట్ రెసిడెన్స్ 575), బయోమెట్రిక్స్ 85 వేరే. రెండేళ్లకోసారి పెంచుతుంటారు కాబట్టి కట్టే రోజున సైట్ లో చూసి కట్టండి. మెడికల్ కి ముందే వెళ్లకండి, వాళ్లు లెటర్ పంపాక వెళ్తే చాలు, రిజల్ట్ ఏడాదే పనిచేస్తుంది.

తన పాస్‌పోర్ట్ లో సర్‌నేమ్ గడి ఖాళీగా ఉందేమో కూడా చూడు, మన వైపు చాలామందికి అలానే ఉంటుంది. అలా ఉంటే పేరంతా ఫ్యామిలీ నేమ్ గడిలో రాసి గివెన్ నేమ్ ఖాళీగా వదలాలి. రెన్యువల్ లో ఇంటిపేరు విడదీయిస్తే పాత పర్మిట్ లో ఒకలా, కొత్త పాస్‌పోర్ట్ లో ఇంకోలా అవుతుంది, ఇప్పుడు ఆ మార్పు పెట్టుకోకండి.

కాకినాడ_టు_కెనడా

సర్‌నేమ్ ఉందక్కా, ఆ బాధ లేదు. పాస్‌పోర్ట్ కి అపాయింట్‌మెంట్ బుక్ చేశాడు తను, నేను సీఆర్ఏ లో స్టేటస్ మార్చాను, బ్రాంప్టన్ లో నా రూమ్‌లో ఉన్న అమ్మాయి లెటర్ రాసిస్తానంది. అవుట్‌ల్యాండే పెడుతున్నాం. ఈ ఆదివారం అమ్మకి ఫోన్ చేస్తాను, నాన్నకి అమ్మతోనే చెప్పిస్తాను. ఏఓఆర్ రాగానే ఇక్కడే డేట్లతో అప్‌డేట్ పెడతాను, మా లాంటి వాళ్లు ఇంకెవరైనా వెతుక్కుంటే దొరుకుతుంది.